తినిపెట్టేవాళ్లున్నారుగా!

ఏడాదికి ఒక్కసారైనా ఆ వార్త వచ్చి తీరుతుంది. పేపర్లో లోపలి పేజీ, ఎడమ మూల, పచ్చటి పరీక్షనాళిక బొమ్మ, దాని మీద శీర్షిక: ‘సముద్రంలోని విషాన్ని తినేసే బ్యాక్టీరియా’. ఒక ఏడాది అది చమురు తింటుంది. మరో ఏడాది ప్లాస్టిక్ తింటుంది. ఇంకో ఏడాది అద్దకం కంపెనీ వదిలిన రంగునీళ్లు తాగుతుంది. సైన్సు మాస్టారు ఆ వార్తను కత్తిరించి బడి నోటీసు బోర్డుకు అంటిస్తారు. పోటీ పరీక్షల పిల్లలు పేరు బట్టీ పడతారు. అందరికంటే ఎక్కువ ఊరట పొందేది మాత్రం సముద్రంలోకి గొట్టం వేసుకుని కూర్చున్న పెద్దమనిషి. కాఫీ కప్పు కింద పెట్టి, ‘చూశారా, అన్నీ ప్రకృతే చూసుకుంటుంది’ అంటాడు. ఆయన ప్రకృతిని తలుచుకునేది ఏడాదికి ఆ ఒక్క పూటే.

మన దగ్గర తినేవాళ్లకు ఎప్పుడూ కరువు లేదు. ఇసుక తిన్నారు, చెరువులు తిన్నారు, రేషన్ బియ్యం తిన్నారు, వాగుల్ని ప్లాట్లు చేసుకుని మరీ తిన్నారు. తిన్నదాన్ని అరిగించుకుని, నీళ్లుగానూ గాలిగానూ మార్చి ఊరికి తిరిగి ఇచ్చినవాడు మాత్రం ఇంతవరకూ తారసపడలేదు. ఆ లెక్కన బ్యాక్టీరియా వీళ్లందరికంటే మర్యాదస్తురాలే. దానితో నాకు తగాదా లేదు. దాని పేరు చెప్పుకుని చేతులు దులుపుకునే వాళ్లతోనే తగాదా.

ముందు దానికి దక్కాల్సిన పొగడ్త దానికి దక్కనిద్దాం. ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్ అని ఒక జీవి ఉంది. పేరు పలకబోతే నోరు తిరగదు, పని చూస్తే నోట మాట రాదు. ఉత్తర సముద్రంలో జర్మనీ వాళ్ల బోర్కుం దీవి పేరు మీద 1998లో దానికి నామకరణం చేశారు. శుభ్రమైన సముద్రంలో దాన్ని వెతికి పట్టుకోవడం కష్టం, అంత తక్కువగా ఉంటుంది. చమురు ఒలికిన కొద్ది రోజులకు చూడండి, అక్కడ తిరిగేదంతా దాని బంధుకోటే. చక్కెర పెట్టినా ముట్టదు. చమురులో ఉండే ఆల్కేన్లే దాని పంచభక్ష్యాలు. ఒంట్లోంచే సబ్బులాంటి పదార్థం ఒకటి తీసి, చమురు బొట్టును సన్నటి తుంపరలుగా చీల్చి, తుంపరకు అతుక్కుంటుంది. చమురు అణువు కొసకు ఆక్సిజన్ తగిలించి, అక్కడి నుంచి ముక్క ముక్కగా కొరుక్కుంటూ పోతుంది. ఆఖరికి మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీళ్లు, దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. జీతం లేదు, యూనియన్ లేదు, పండగ అడ్వాన్సు లేదు.

ఇంత మంచి పనివాడు దొరికినప్పుడు షరతులు కూడా చదవాలి కదా. పేపర్లో శీర్షికతోనే వార్త అయిపోతుంది, షరతుల దాకా పోదు. మొదటి షరతు: ఒట్టి చమురుతో ఒళ్లు పెరగదు. నైట్రోజన్ కావాలి, ఫాస్ఫరస్ కావాలి. సముద్రం నడిమధ్య అవి రెండూ బొటాబొటి. గిన్నెడు నెయ్యి ముందు పెట్టి అన్నం వడ్డించడం మర్చిపోయిన పెళ్లివారి విందన్నమాట. రెండో షరతు: ఊపిరాడాలి. ఆక్సిజన్ అందని బురదలోకి చమురు దిగిందంటే తిండి నత్తనడక నడుస్తుంది. మూడోది: అన్నీ ఒకే వేగంతో తినదు. తేలిక భాగాలు ముందు, వలయాలు వలయాలుగా ఉండే విషపు భాగాలు ఆ తర్వాత, తారు లాంటి అడుగు మడ్డి ఎప్పటికో. అంటే ఓడల ఇంజన్లలో కాల్చే చిక్కటి నల్ల ఆయిలు ఒలికినప్పుడు ఈ విందుకు సగం వంటకాలు ముట్టని వంటకాలే.

ఇక పాదరసం, సీసం, కాడ్మియం ఉన్నాయి. ఇవి మూలకాలు. వీటిని విరగ్గొట్టి మాయం చేసే బ్యాక్టీరియా పుట్టలేదు, పుట్టబోదు. పైగా సముద్రపు బురదలో ఊపిరాడని చోట బతికే కొన్ని రకాలు మామూలు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మార్చి పెడతాయి. అది చేపల్లోకి ఎక్కి, చిన్న చేప నుంచి పెద్ద చేపకు, పెద్ద చేప నుంచి మన కంచంలోకి వస్తుంది. బ్యాక్టీరియా పని చేస్తుందనే మాట నిజమే. మనం చెప్పిన పనే చేస్తుందని ఎవరూ రాసివ్వలేదు.

ఇప్పుడు ఎన్నూరు వెళ్దాం. 2017 జనవరి 28, తెల్లారలేదు. చెన్నైకి ఉత్తరాన కామరాజర్ రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. గ్యాస్ దింపేసి పోతున్న బీడబ్ల్యూ మేపుల్ ఒకటి, పెట్రోలు సరుకుతో వస్తున్న డాన్ కాంచీపురం ఒకటి. అంత సముద్రంలో రెండింటికీ చాలినంత చోటు దొరకలేదు. రేవు వాళ్ల మొదటి ప్రకటనలో చమురు కాలుష్యం లాంటి నష్టమేమీ లేదు. సముద్రం ఆ ప్రకటన చదవలేదు కాబట్టి రాళ్ల మీదికి, ఇసుక మీదికి, తాబేళ్ల మీదికి నల్లటి మడ్డి తెచ్చి పోస్తూనే ఉంది. ఒలికింది ఇరవై టన్నుల లోపేనని మొదట్లో వినబడిన అంకె, రోజులు గడిచేకొద్దీ రెండు వందల టన్నుల దగ్గరికి చేరింది. ఏ బ్యాక్టీరియా అయినా ఇంత వేగంగా వృద్ధి చెందిందా అని నాకు అనుమానం.

చమురు తెట్టు ఎటు కొట్టుకుపోతుందో లెక్కగట్టి చెప్పింది మన హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. సముద్రం వాసనైనా తగలని ఊళ్లో, ప్రగతినగర్‌లో కూర్చుని, గాలివాటమూ నీటివాటమూ కలిపి, తెట్టు ఏ తీరానికి పోతుందో చెప్పగలిగారు. విజ్ఞానం ఉన్నట్టా లేనట్టా? నిక్షేపంలా ఉంది. ఉపగ్రహం ఉంది, సూపర్ కంప్యూటర్ ఉంది, నమూనా ఉంది. తీరంలో లేనిదల్లా చమురు ఎత్తే సాధనమే. మురుగు లాగే లారీలు తెచ్చారు. ఆ గొట్టాలు నీళ్లు తాగాయి కానీ మడ్డిని మింగలేకపోయాయి. అప్పుడు వచ్చాయి బకెట్లు. ఇంట్లో స్నానానికి వాడే ప్లాస్టిక్ బకెట్లు.

ఆ రాళ్ల దగ్గర జరిగింది కాస్త దగ్గరగా చూడండి. నడుంలోతు నీళ్లలో మనుషుల వరస. మత్స్యకారులు, కాలేజీ కుర్రాళ్లు, పారిశుద్ధ్య కార్మికులు, కోస్ట్ గార్డు సిబ్బంది. ముందున్నవాడు రాళ్ల సందుల్లోంచి దోసిలితో మడ్డి తీసి బకెట్లో వేస్తాడు. బకెట్ చేతులు మారుతూ ఒడ్డుకు పోతుంది. మడ్డి చిక్కగా, గట్టిపడిన బెల్లప్పాకంలా, వంచినా బకెట్లోంచి జారదు. మళ్లీ చేత్తోనే గీకాలి. గ్లోవులు కొందరికి ఉన్నాయి, చాలామందికి లేవు. చర్మానికి అంటిన ఆ మడ్డి సబ్బుతో వదలదు, కిరసనాయిలుతో వదులుతుంది. విషాన్ని కడుక్కోవడానికి ఇంకో విషం. ఇలా రోజుల తరబడి.

బ్యాక్టీరియా ఎక్కడుందని అడుగుతారేమో. వచ్చింది. ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం వాళ్ల బ్యాక్టీరియా సరుకుతో, మనుషులు ఎత్తి ఒడ్డున పోసిన మడ్డికి జీవచికిత్స మొదలుపెట్టారు. తప్పేం లేదు, అది చేయాల్సిన పనే, పద్ధతి ప్రకారమే చేశారు. కానీ ఆ దృశ్యం ఒకసారి ఊహించుకోండి. సముద్రంలో దిగి విషం ఎత్తుతున్నది మనుషులు. గట్టు మీద, గోతిలో, ఎరువూ తేమా గాలీ చూసి చూసి అందిస్తుండగా భోంచేస్తున్నది బ్యాక్టీరియా. పత్రికా ప్రకటనలో మాత్రం ‘అత్యాధునిక జీవసాంకేతిక పరిజ్ఞానంతో శుద్ధి’ అని ఉంటుంది. బకెట్‌కు జీవసాంకేతికత అనే పేరు ఎప్పుడొచ్చిందో తెలియదు. మోసినవాడు కూడా ప్రాణే కాబట్టి వచ్చి ఉంటుంది.

ఆరేళ్లు తిరిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గర తీరం దాటేముందు చెన్నైని ముంచింది. మణలి పారిశ్రామిక ప్రాంతం నుంచి వరదనీళ్లతో చమురు బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి కొసస్థలై నదిలోకి, ఎన్నూరు కయ్యలోకి దిగింది. మన పెదగంజాం వైపు నుంచి ఒకప్పుడు పడవల మీద మద్రాసుకు ధాన్యం మోసిన కాలువే అది. చమురు మాది కాదు, లీకు లేనే లేదు అని కంపెనీ వాళ్లు మొదట అన్నారు. ఈ వాక్యం కూడా ఆరేళ్లలో బ్యాక్టీరియా తినలేదు, చెక్కుచెదరకుండా ఉంది. మళ్లీ మత్స్యకారులే దిగారు. ఈసారి బకెట్లతో పాటు మగ్గులు కూడా. ఆరేళ్లలో సాంకేతికంగా మనం సాధించిన పురోగతి అదీ. ఆ తర్వాత ప్రభుత్వం సాయం ప్రకటించింది. బాగా దెబ్బతిన్న కుటుంబానికి 12,500 రూపాయలు, పడవ బాగుచేసుకోవడానికి 10,000.

ఈ చోద్యం మనది మాత్రమే అనుకుని సిగ్గుపడాల్సిన పనిలేదు. పెద్ద దేశాలు పెద్ద ఎత్తున చేశాయి. చమురు తినే బ్యాక్టీరియా కథకు నాయకుడు మన బెంగాలీ బిడ్డే: ఆనంద మోహన్ చక్రవర్తి. 1938లో సైంథియాలో పుట్టి, అమెరికా వెళ్లి, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో చేరాడు. చమురులోని వేర్వేరు భాగాలను విడగొట్టే జన్యువులున్న డీఎన్ఏ వలయాలను, అంటే ప్లాస్మిడ్లను పోగుచేసి ఒకే సూడోమొనాస్ బ్యాక్టీరియాలోకి చేర్చాడు. నలుగురి పని ఒక్కడే చేసే పనివాడన్నమాట. 1972లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ప్రాణమున్నదానికి పేటెంటేమిటని పేటెంటు ఆఫీసు కాదంది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా నడిచింది. 1980 జూన్ 16న అయిదుగురు ఔనన్నారు, నలుగురు కాదన్నారు. మనిషి తయారుచేసిన ప్రాణికి పేటెంటు ఇవ్వొచ్చని తేలింది.

ఆ తీర్పుతో ఒక పరిశ్రమకు పరిశ్రమే లేచి నిలబడింది. విత్తనాలకు, కణాలకు, ఎలుకలకు పేటెంట్ల తలుపులు తెరుచుకున్నాయి. కోట్ల డాలర్ల వాటాలు పెరిగాయి. న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఆ బ్యాక్టీరియా అధ్యాయమై కూర్చుంది. అన్నట్టు, ఒక చిన్న సంగతి. ఏ చమురు తెట్టును తినడానికీ దాన్ని సముద్రంలోకి దింపలేదు. జన్యువులు కలిపి చేసిన ప్రాణిని బహిరంగ సముద్రంలో వదలడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, అది సబబే కూడా. చక్రవర్తి పనితనంలో లోటు లేదు. లోటంతా, కోర్టులో గెలిచిన ప్రాణి సముద్రంలో కూడా గెలిచేసిందని నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్న వాళ్లలో ఉంది. పాఠ్యపుస్తకంలో ‘సూపర్‌బగ్’ కింద గీత గీయించి రెండు మార్కుల ప్రశ్న అడుగుతాం. ‘అది ఎన్ని లీటర్ల చమురు తిన్నది?’ అని అడిగే పేపర్ సెట్టరు ఇంకా ఉద్యోగంలో చేరలేదు.

తీర్పు వచ్చిన తొమ్మిదేళ్లకు అసలు పరీక్ష రానే వచ్చింది. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాతిదిబ్బ ఎక్కింది. సుమారు నాలుగు కోట్ల లీటర్ల ముడి చమురు ప్రిన్స్ విలియం సౌండ్‌లోకి పోయింది. మరకలు రెండు వేల కిలోమీటర్ల తీరాన్ని తాకాయి. కెమెరాలు వచ్చాయి, కంపెనీకి కంగారు పుట్టింది. కంగారులో ఉన్నవాడు చేసే మొదటి పని కడగడం. వేడి వేడి నీళ్లను పెద్ద పెద్ద గొట్టాలతో, మహా ఒత్తిడితో బండల మీద కొట్టారు. బండలు టీవీలో మెరిశాయి. ఆ బండల్ని పట్టుకుని బతికే నత్తలు, గవ్వలు, నాచు ఉడికిపోయాయి. కడగకుండా వదిలేసిన తీరాలే కడిగిన తీరాలకంటే ముందు తేరుకున్నాయని తర్వాత అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలే చూశారు. చమురు చంపగా మిగిలినదాన్ని శుభ్రత చంపింది.

అప్పుడే బ్యాక్టీరియా అసలు ప్రతిభ బయటపడింది. పేటెంటు ప్రాణి రాలేదు. డబ్బాల్లో నింపి అమ్మే రెడీమేడ్ బ్యాక్టీరియా కంపెనీలు వరస కట్టాయి గానీ, అక్కడివాటికంటే తమవి బాగా తింటాయని పరీక్షల్లో నిరూపించుకోలేకపోయాయి. పని చేసింది అలాస్కా బీచుల మీద తరతరాలుగా కాపురముంటున్న స్థానిక బ్యాక్టీరియా. శాస్త్రవేత్తలు వాటికి నైట్రోజన్, ఫాస్ఫరస్ ఎరువులు చల్లారు. అంతే. కొన్ని తీరాల్లో చమురు విరిగే వేగం రెట్లలో పెరిగింది. మన రైతు యూరియా బస్తా విప్పి చల్లినట్టే చల్లి, దానికి ‘బయోరెమిడియేషన్’ అని పేరు పెట్టారు. ఇది నిజమైన విజయం, ఒప్పుకోవాలి. దాని హద్దు కూడా ఒప్పుకోవాలి. ఆక్సిజన్ అందని చోట, గులకరాళ్ల కింద దిగిన చమురు దశాబ్దాల తర్వాత కూడా తవ్వితే వాసన కొడుతూనే ఉంది.

సముద్రంలో చమురు విరిగిందో లేదో గానీ, కోర్టులో జరిమానా మాత్రం ముచ్చటగా విరిగింది. 1994లో జ్యూరీ 500 కోట్ల డాలర్ల శిక్షా పరిహారం వేసింది. 2008 నాటికి సుప్రీంకోర్టు దాన్ని 50.75 కోట్లకు దింపింది. పద్నాలుగేళ్లలో తొంభై శాతం! ఆ వేగంతో పనిచేసే బ్యాక్టీరియాను ఎవరైనా న్యాయవాదుల ఆఫీసుల్లో వెతికితే మంచిది. నైట్రోజన్ అవసరం లేదు, చలి లెక్క లేదు, ఫీజు ఒక్కటుంటే చాలు.

2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలి పదకొండు మంది పోయారు. బావి ఎనభై ఏడు రోజులు కక్కింది. ఈసారి కడగడం మానేసి కనబడకుండా చేశారు. సుమారు 70 లక్షల లీటర్ల డిస్పర్సెంటు రసాయనం పోశారు. చమురు తుంపరలైతే బ్యాక్టీరియాకు నమలడం తేలిక అన్నారు. మాట వినడానికి బాగుంది. ఆ రసాయనం చమురు తినేవాటిని వెనక్కి నెట్టిందని 2015లో ఒక పరిశోధన చెప్పింది, కాదు పనికొచ్చిందని ఇంకొందరన్నారు, ఆ తగువు తెగలేదు. తెగిన సంగతి ఒకటే: తెట్టు నీళ్ల మీద నుంచి నీళ్ల లోపలికి పోయింది, హెలికాప్టర్లో కెమెరా పెట్టినవాడికి నీలం రంగు కనబడింది.

ఇక మన ఇంటికి వద్దాం, ఎందుకంటే మన ఇంట్లో వ్యవహారం దీన్ని మించిపోయింది. కలుషిత జలాల్లో మురికి ఎంతుందో కొలవడానికి ప్రపంచమంతా వాడే కొలబద్ద పేరు బీఓడీ. ఆ నీళ్లలోని మురికిని తినడానికి బ్యాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. మన పద్ధతిలో 27 డిగ్రీల వేడి, మూడు రోజులు. అంటే పొల్యూషన్ బోర్డు దృష్టిలో మురికి అంటే బ్యాక్టీరియా ఆకలి. పూర్వం ఇంగ్లండులో ఈ పరీక్షకు అయిదు రోజులు పెట్టారట, ఎందుకంటే వాళ్ల నదిలో పడిన నీళ్లు సముద్రం చేరడానికి అంతకంటే ఎక్కువ పట్టదు. సముద్రం చేరాక? చేరాక ఇంకేముంది, లెక్క ముగిసింది. సముద్రాన్ని ఖాతాలోంచి కొట్టేసిన ఆ దొరల అలవాటు కొలబద్దతో పాటే మనకూ వచ్చింది.

ఇందులో ఒక కిటుకుంది. పరీక్ష సీసాలోని నీళ్లలో బ్యాక్టీరియాను చంపే విషం ఉందనుకోండి. బ్యాక్టీరియా చస్తుంది. చచ్చినవాళ్లు తినరు. తినకపోతే ఆక్సిజన్ ఖర్చు కాదు. ఆక్సిజన్ ఖర్చు కాకపోతే బీఓడీ తక్కువ వస్తుంది. బీఓడీ తక్కువ వస్తే నీళ్లు శుభ్రం! విషపు నీళ్లలో ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుందని ప్రయోగశాల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. వేరే పరీక్షలూ ఉన్నాయి. కానీ హత్య జరిగిన ఇంట్లో అరుపులు వినబడలేదు కాబట్టి అంతా ప్రశాంతంగా ఉందని రాసుకునే వీలు కాగితం మీద ఎప్పుడూ ఉంటుంది.

ఇది ఊహ అనుకునేవాళ్లు పటాన్‌చెరు గుర్తు తెచ్చుకోవాలి. అక్కడ తొంభై దాకా మందుల కంపెనీల నీళ్లు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఒక్కరోజులో బయటికి పోయింది 45 కిలోలని అంచనా. తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడే మందు అది. ఇక్కడ శుద్ధి చేసిన తర్వాత వాగులోకి పోయేది. శుద్ధి చేసేది ఎవరు? ట్యాంకుల్లోని బ్యాక్టీరియా. పంపేది ఏమిటి? బ్యాక్టీరియాను చంపే మందు. అతిథిని పిలిచి, పీట వేసి, విస్తరేసి, అందులో విషం వడ్డించి, ‘ఏం, సరిగ్గా తినడం లేదే’ అని ఆశ్చర్యపోయే ఆతిథ్యం మనది. చావకుండా మిగిలినవి మందుకు లొంగని మొండి ఘటాలై తయారయ్యాయి. వాటిని ఏ ప్రయోగశాలా చేయలేదు కాబట్టి పేటెంటు దక్కలేదు. న్యాయంగా ఆ కంపెనీలకే రావాలి.

ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు, అక్కడి నుంచి గోదావరికి పోయేవి. జనం గోల పెట్టారు, కోర్టులు కోప్పడ్డాయి. పరిష్కారం దొరికింది: 18 కిలోమీటర్ల గొట్టం. దాన్ని హైదరాబాదు మురుగు లైనుకు కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి తోశారు. అంబర్‌పేట దాటితే మూసీ, మూసీ దాటితే కృష్ణ. గోదావరికి పోయే విషాన్ని కృష్ణకు మళ్లించారు! దశాబ్దాలుగా నలుగుతున్న నదుల అనుసంధానాన్ని మందుల కంపెనీలు చడీచప్పుడు లేకుండా పూర్తి చేస్తే, శంకుస్థాపన ఫలకం కూడా వేయకపోవడం అన్యాయం.

రెండు నదులూ కలిసేది ఎలాగూ బంగాళాఖాతంలోనే. ఆ మధ్యలో ఈ తిప్పలెందుకు, నేరుగా సముద్రంలోకే వేసేస్తే పోలా అన్న ఆలోచన వచ్చినవాళ్లు విశాఖ, అనకాపల్లి తీరం ఎంచుకున్నారు. ఆలోచనకు చట్టం కూడా దన్నుగా ఉంది. నదిలోకో చెరువులోకో వదిలే నీళ్లలో బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రంలోకైతే 100 దాకా వదలొచ్చు. సముద్రం పెద్దది, కలిసిపోతుంది, బ్యాక్టీరియా చూసుకుంటుంది. గొట్టం కొస సముద్రం అడుగున ఉంటుంది కాబట్టి చూడటానికి ఎవరూ వెళ్లరు. వెళ్లేది ఒక్క వలే. అది పైకి వచ్చాక, ఉన్నదేమిటో లేనిదేమిటో చూసుకునేది వేటకెళ్లినవాడు. అందుకే పూడిమడక వాళ్లు గొట్టం వద్దన్నారు. నక్కపల్లి మండలం రాజయ్యపేట వాళ్లు బల్క్ డ్రగ్ పార్కు వద్దని రోడ్డెక్కారు. వాళ్లకు సైన్సు తెలియదని అన్నవాళ్లున్నారు. బీఓడీ తెలియకపోవచ్చు. గొట్టం ఎటునుంచి ఎటు వంగి ఉందో తెలుసు.

ఇక ఆఖరి అంకం ప్రజాభిప్రాయ సేకరణ. ఊరి పేరు మీకు తోచింది పెట్టుకోండి, తీరం వెంబడి ఎక్కడైనా ఇదే నాటకం. షామియానా. ముందు వరసలో సోఫాలు, వాటిమీద తువ్వాళ్లు. వెనక ప్లాస్టిక్ కుర్చీలు, వాటి వెనక పోలీసులు. నాలుగొందల పేజీల నివేదిక ఇంగ్లీషులో, ఆరు పేజీల సారాంశం తెలుగు అనుకుని రాసిన ఏదో భాషలో. కన్సల్టెంటు గారు తెర మీద బొమ్మలు వేస్తారు. నీలం సముద్రం, ఎగిరే డాల్ఫిన్, పచ్చ గుండ్రాలు. ‘ఈ గుండ్రాలు మైక్రోబ్స్. అంటే సూక్ష్మజీవులు. మన నుంచి వెళ్లే వ్యర్థాలన్నీ ఇవి తినేస్తాయి. చేపకు హాని లేదు. పైగా పోషకాలు పెరిగి చేపలు ఎక్కువ పడతాయి’ అంటారు. ఆ చివరి వాక్యానికి సోఫాల్లోంచి చప్పట్లు.

వెనక నుంచి ఒక పెద్దాయన లేస్తాడు. మైకు ఇవ్వరు. గొంతుతోనే అడుగుతాడు.

‘బాబూ, ఆ పురుగులు అంత బాగా తినేత్తాయంటన్నారు గదా?’

‘అవును పెద్దాయనా, నూటికి నూరు పాళ్లు.’

‘మరైతే సముద్రం దాకా ఎందుకు బాబూ. మీ కంపినీ గోడ నోపలే ఓ సెరువు తవ్వీండి. ఆ పురుగుల్ని అందులో ఒగ్గీండి. గాలి ఆడించండి, మేత ఏటి కావాలో అదెయ్యండి. అవి తిన్నాక నీళ్లు తేరుతాయి గదా. ఆ సెరువులో ఓ నాలుగు సేపలు యేసి, ఏడాది పొడుగునా మీ ఆఫీసరోళ్లు ఆటినే కూరొండుకు తినండి. అప్పుడు మాట్లాడుకుందారి పైపు సంగతి. ఏటంతారు?’

ఆ పెద్దాయన అడిగినదానిలో శాస్త్రానికి విరుద్ధమైన మాట ఒక్కటీ లేదు. బ్యాక్టీరియా నిజంగా బాగా పనిచేసేది అక్కడే: గట్టు మీద, గోడ లోపల, గాలి ఆడించి, మేత కొలిచి వేసి, తినడానికి టైమిచ్చి, తిన్నదో లేదో రోజూ చూసే చోట. ఎన్నూరులో గోతి దగ్గర చేసింది అదే. అలాస్కాలో ఎరువు చల్లి నేర్చుకున్నదీ అదే. కానీ గోడ లోపల చెరువుకు భూమి కావాలి, కరెంటు కావాలి, చూసే మనిషి కావాలి. వీటన్నిటికీ కంపెనీ లెక్కల పుస్తకంలో ఒక గడి ఉంటుంది. సముద్రానికి గడి లేదు.

అధికారి గారు తల పంకించి, గుమాస్తా వైపు చూస్తారు. గుమాస్తా రాసుకుంటాడు. సాయంత్రానికి మినిట్స్ తయారవుతాయి. పద్నాలుగో అంశం కింద, పెద్దాయన పేరు తప్పుగా, మాట ఇలా నమోదవుతుంది: ‘ప్రతిపాదిత జీవసాంకేతిక విధానం పట్ల స్థానిక మత్స్యకారులు ఆసక్తి కనబరిచారు. చేపల పెంపకం చేపట్టాలని కోరారు. ప్రాజెక్టుకు అభ్యంతరాలేవీ వ్యక్తం కాలేదు.’